విద్యుత్ సరుకు వాహనం నడక, ఛార్జింగ్: ‘నిల్వ – ప్రవాహం’ భావనల ఆధారంగా ఒక వివరణ

వ్యాససంగ్రహం:
పట్టణాల్లో సరుకు చేరవేసే చిన్న వాహనాలు క్రమంగా డీజిల్ నుంచి విద్యుత్తుకు మారుతున్నాయి. వాహనం మారినా, దాన్ని అర్థం చేసుకోవడానికి అవసరమైన భాష తెలుగులో ఇంకా స్థిరపడలేదు. బ్యాటరీలో ఎంత విద్యుత్తు ఉంది అనేది ఒక ప్రశ్న. అది ఎంత జోరుగా వస్తోంది, ఎంత జోరుగా పోతోంది అనేది మరొక ప్రశ్న. ‘సామర్థ్యం’, ‘పవర్’ వంటి మాటలు ఈ రెండింటినీ కలిపేస్తున్నాయి. జలాశయాల వార్తల ద్వారా తెలుగువారికి చిరపరిచితమైన ‘నిల్వ’, ‘ప్రవాహం’ అనే జంట ఈ చిక్కును విడదీయగలదు. ఆ జంట ఆధారంగా విద్యుత్ సరుకు వాహనం ఛార్జింగ్ విధానాన్ని, నడిపే తీరును, జాగ్రత్తలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: విద్యుత్ వాహనం, సరుకు రవాణా, బ్యాటరీ, ఛార్జింగ్, నిల్వ, ప్రవాహం, సాంకేతిక పరిభాష.

1. ఉపోద్ఘాతం:

చిన్న సరుకు వాహనం నడిపేవారిలో చాలామంది అప్పు చేసి బండి కొన్నవారే. నెలనెలా వాయిదా కట్టాలి. ఆదాయం రోజుకు ఎన్ని ట్రిప్పులు పడ్డాయి అనే దానిమీద ఆధారపడుతుంది. డీజిల్ బండిలో ఇంధనం తరిగితే అయిదు నిమిషాల్లో బంకులో నింపుకోవచ్చు. విద్యుత్ వాహనంలో ఆ అయిదు నిమిషాలు గంటలుగా మారవచ్చు. అందువల్ల మిగిలిన ఛార్జింగ్‌తో తర్వాతి ట్రిప్పు ఒప్పుకోవచ్చా, లేదా అనే నిర్ణయం ఇక్కడ నేరుగా సంపాదనతో ముడిపడి ఉంటుంది. ఆ నిర్ణయానికి కావలసింది కష్టమైన గణితం కాదు. రెండు కొలతలను విడివిడిగా గుర్తించగలిగితే చాలు.

వివరణకు ఆధారంగా ఒక వాహనాన్ని తీసుకోవచ్చు. 2022 మే నెలలో విడుదలైన టాటా ఏస్ ఈవీ బ్యాటరీ నిల్వ 21.3 కిలోవాట్-గంటలు, మోటారు గరిష్ఠ జోరు 27 కిలోవాట్లు, మోయగల బరువు 600 కిలోలు, ధ్రువీకృత ప్రయాణ దూరం 154 కిలోమీటర్లు. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ ఇంచుమించు ఈ పరిమాణంలో ఉన్న వాహనాన్ని దృష్టిలో ఉంచుకొని వేసినవి.

2. రెండు కొలతలు – ఒకే మాట:

పై వివరాల్లో కిలోవాట్-గంట, కిలోవాట్ అనే రెండు ప్రమాణాలు కనిపిస్తాయి. మొదటిది శక్తికి కొలత. కరెంటు బిల్లులో ‘యూనిట్’ అని రాసేది దీన్నే. రెండవది ఆ శక్తి వచ్చే లేదా ఖర్చయ్యే రేటు. పాఠశాల భౌతికశాస్త్ర పుస్తకాలు ఈ రేటును ‘సామర్థ్యం’ అంటాయి. అయితే ‘జలాశయ సామర్థ్యం’, ‘గోదాము సామర్థ్యం’ అన్నప్పుడు అదే మాటకు ఎంత పడుతుంది అనే అర్థం వస్తుంది. ఈ కారణంగా ‘బ్యాటరీ సామర్థ్యం’ అన్నప్పుడు అది యూనిట్ల సంఖ్యా, కిలోవాట్ల సంఖ్యా అన్నది స్పష్టం కాదు. ‘శక్తి’ పరిస్థితీ ఇంతే. శాస్త్రంలో శక్తి వేరు, దాని రేటు వేరు. కానీ రేటుకు ప్రమాణమైన హార్స్ పవర్‌ను తెలుగులో ‘అశ్వశక్తి’ అంటున్నారు.

ఈ గందరగోళం లేని జంట తెలుగు పత్రికల్లో ఎప్పటినుంచో ఉంది. వర్షాకాలంలో శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల వార్తలు చదివేవారు టి.ఎం.సి.లను, క్యూసెక్కులను ఎన్నడూ కలపరు. టి.ఎం.సి.లు నిల్వను చెబుతాయి. క్యూసెక్కులు ప్రవాహాన్ని చెబుతాయి. సుమారు 11,574 క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా సాగితే ఒక టి.ఎం.సి. నీరవుతుంది. అదే విధంగా 1 కిలోవాట్ ప్రవాహం ఒక గంట సాగితే 1 కిలోవాట్-గంట, అంటే ఒక యూనిట్ అవుతుంది. బ్యాటరీ జలాశయం, ఛార్జర్ ఇన్‌ఫ్లో, మోటారు అవుట్‌ఫ్లో అనుకుంటే విద్యుత్ వాహనానికి సంబంధించిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం వాటంతటవే విడిపోతాయి. ఈ వ్యాసంలో ఇకపై శక్తి పరిమాణాన్ని ‘నిల్వ’ అని, దాని రేటును ‘ప్రవాహం’ అని వ్యవహరించడం జరిగింది.

3. ఛార్జింగ్ విధానం:

3.1 నెమ్మది ఛార్జింగ్:

ఇంటికి వచ్చే కరెంటు ఏకాంతర విద్యుత్తు, అంటే ఏ.సి. బ్యాటరీ ఏక దిశలో ప్రవహించే డి.సి. విద్యుత్తునే తీసుకుంటుంది. ఈ మార్పిడి చేసే పరికరం వాహనంలోనే ఉంటే దాన్ని ఆన్‌బోర్డ్ ఛార్జర్ అంటారు. గీజరు, ఏ.సి.లకు వాడే 15 ఆంపియర్ల పవర్ ప్లగ్ 230 వోల్టుల దగ్గర గరిష్ఠంగా సుమారు 3.4 కిలోవాట్ల ప్రవాహం ఇవ్వగలదు.

ఉదాహరణకు ప్లగ్ నుంచి 3.3 కిలోవాట్లు తీసుకుంటున్నారనుకుందాం. మార్పిడిలో, వేడి రూపంలో 12 శాతం నష్టపోతే బ్యాటరీకి చేరేది సుమారు 2.9 కిలోవాట్లు. 20 శాతం నుంచి 100 శాతానికి చేరడానికి 17 యూనిట్లు కావాలి. అందుకు సుమారు 6 గంటలు పడుతుంది. మీటరులో మాత్రం 17కు బదులు 19కి పైగా యూనిట్లు నమోదవుతాయి. ఖర్చు లెక్కవేసేటప్పుడు బ్యాటరీకి చేరిన యూనిట్లను కాక మీటరు చూపిన యూనిట్లనే తీసుకోవాలి.

ఇక్కడ తరచుగా ఎదురయ్యే అపార్థం ఒకటుంది. 7.4 కిలోవాట్ల ఏ.సి. ఛార్జింగ్ స్తంభానికి తగిలిస్తే సమయం సగానికి తగ్గుతుందని భావించడం సహజం. కానీ వాహనంలోని ఆన్‌బోర్డ్ ఛార్జర్ 3.3 కిలోవాట్లదే అయితే ప్రవాహం అంతకు మించదు. కాలువ ఎంత వెడల్పుగా ఉన్నా తూము చిన్నదైతే చెరువులోకి చేరే నీరు తూమును బట్టే ఉంటుంది.

3.2 వేగవంతమైన ఛార్జింగ్:

డి.సి. ఛార్జింగ్ కేంద్రంలో మార్పిడి బయటి యంత్రంలోనే జరుగుతుంది. విద్యుత్తు ఆన్‌బోర్డ్ ఛార్జర్‌తో నిమిత్తం లేకుండా నేరుగా బ్యాటరీకి చేరుతుంది. ఎంత ప్రవాహాన్ని అనుమతించాలో మాత్రం వాహనంలోని బ్యాటరీ నిర్వహణ వ్యవస్థ నిర్ణయిస్తుంది. సెల్స్ వేడిని, వోల్టేజిని, నిల్వను అది నిరంతరం గమనిస్తూ ఎంత కావాలో ఛార్జర్‌కు తెలియజేస్తుంది. కాబట్టి స్తంభంపై రాసిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. అది హామీ కాదు. కనెక్టరు రకం కూడా కుదరాలి. భారతదేశంలో నాలుగు చక్రాల వాహనాల డి.సి. ఛార్జింగ్‌కు సి.సి.ఎస్.-2 కనెక్టరు విస్తృతంగా వాడుకలో ఉంది. చిన్న సరుకు వాహనాలన్నీ దానికి సరిపోతాయని భావించరాదు. వాహనం కొనేటప్పుడే తిరిగే దారిలో ఉన్న కేంద్రాలకు కనెక్టరు సరిపోతుందో లేదో చూసుకోవడం అవసరం.

3.3 చివరి భాగం ఎందుకు నెమ్మది?

జలాశయ పోలిక ఒక చోట చాలదు. జలాశయం నిండుతున్నకొద్దీ వరద తనంతట తాను తగ్గదు. బ్యాటరీ నిండుతున్నకొద్దీ మాత్రం ప్రవాహాన్ని తగ్గించాలి. సెల్ వోల్టేజి నిర్ణీత పరిమితికి చేరిన తర్వాత దాన్ని అక్కడే నిలిపి ప్రవాహాన్ని క్రమంగా తగ్గిస్తారు. అందుకే వేగవంతమైన ఛార్జింగ్ వివరాలను తయారీదారులు చాలావరకు 80 శాతం వరకే చెబుతారు. మిగిలిన 20 శాతం కోసం డి.సి. కేంద్రంలో వేచి ఉండటం వల్ల సమయం వృథా అవుతుంది. ఆ భాగాన్ని రాత్రి నెమ్మది ఛార్జింగ్‌కు వదిలేయడం మేలు.

రోజూ 100 శాతం నింపవచ్చా అనే ప్రశ్నకు సమాధానం బ్యాటరీ రసాయనాన్ని బట్టి మారుతుంది. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన లిథియం బ్యాటరీలను ఎక్కువ సేపు పూర్తి నిండుదనంలో ఉంచితే అవి త్వరగా క్షీణిస్తాయి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఈ విషయంలో కొంత ఓర్చుకుంటుంది. అయితే దీని వోల్టేజి నిల్వలో చాలా భాగం వరకు దాదాపు మారకుండా ఉంటుంది. వోల్టేజిని చూసి నిల్వను అంచనా వేయడం కష్టం కావడంతో డాష్‌బోర్డుపై కనిపించే శాతం కొద్దికొద్దిగా తప్పుతూ పోతుంది. అప్పుడప్పుడు పూర్తిగా నింపితే ఆ లెక్క సరవుతుంది. ‘30 శాతం చూపించి ఒక్కసారిగా పడిపోయింది’ అనే ఫిర్యాదుకు బ్యాటరీ లోపమే కాక ఈ అంచనా దోషం కూడా కారణం కావచ్చు.

4. నడిపే తీరు – అవుట్‌ఫ్లో లెక్క:

డీజిల్ బండికి లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని లెక్కిస్తారు. విద్యుత్ వాహనానికి యూనిట్‌కు ఎన్ని కిలోమీటర్లు అని లెక్కించాలి. ధ్రువీకృత పరీక్ష ప్రకారం 154 కిలోమీటర్లకు 21.3 యూనిట్లంటే యూనిట్‌కు సుమారు 7.2 కిలోమీటర్లు. బరువు, రద్దీ, ఎక్కుడు ఉన్న అసలు రోడ్డుమీద ఇది తగ్గుతుంది. యూనిట్‌కు 5.5 కిలోమీటర్లు వస్తుందనుకుంటే, అడుగున 20 శాతం మిగుల్చుకొని తిరగగలిగే దూరం సుమారు 94 కిలోమీటర్లు. ప్రకటిత దూరానికీ, పనికివచ్చే దూరానికీ ఉన్న ఈ తేడా మోసమూ కాదు, లోపమూ కాదు. కొలత పరిస్థితుల తేడా. ప్రతి చోదకుడూ తన దారిలో తన అంకెను తానే తెలుసుకోవాలి.

4.1 బరువు, వేగం, ఎత్తు:

600 కిలోల అదనపు బరువు టైర్ల రాపిడి వల్లనే కిలోమీటరుకు సుమారు 0.02 యూనిట్ల ఖర్చును పెంచుతుంది. 80 కిలోమీటర్లకు అది 1.6 యూనిట్లు. టైర్లలో గాలి తగ్గితే ఈ ఖర్చు ఇంకా పెరుగుతుంది. గాలి నిరోధం వేగం వర్గానికి అనులోమంగా ఉంటుంది. అంటే 40 కిలోమీటర్ల వేగం 60కి పెరిగితే గాలి నిరోధం 2.25 రెట్లవుతుంది. రహదారిపై తొందరపడితే కలిసివచ్చిన సమయం ఛార్జింగ్ స్తంభం దగ్గర పోతుంది.

ఎత్తు ప్రభావం మరింత స్పష్టం. మొత్తం 1,800 కిలోల బరువున్న బండి 100 మీటర్ల ఎత్తు ఎక్కడానికి సైద్ధాంతికంగా దాదాపు అర యూనిట్ కావాలి. సముద్రతీరాన ఉన్న విశాఖపట్నం నుంచి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్న అరకు చేరడానికి ఎత్తు కోసమే 4.4 యూనిట్లు, అంటే మొత్తం నిల్వలో అయిదోవంతు ఖర్చవుతుంది. దూరానికయ్యే ఖర్చు దీనికి అదనం.

4.2 తిరిగివచ్చే విద్యుత్తు:

బ్రేకు వేసినప్పుడు డీజిల్ బండి వేగమంతా వేడిగా మారి పోతుంది. విద్యుత్ వాహనంలో యాక్సిలరేటరు వదలగానే మోటారు జనరేటరుగా మారి కొంత విద్యుత్తును బ్యాటరీకి తిరిగి పంపుతుంది. దీన్ని ‘పునరుత్పాదక బ్రేకింగ్’ అంటున్నారు. 1,800 కిలోల వాహనం 40 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు దానిలో ఉన్న గతిశక్తి సుమారు 0.031 యూనిట్లు. రోజుకు 100 సార్లు అలా ఆగి, ప్రతిసారీ 60 శాతం తిరిగివస్తే చేరేది సుమారు 1.85 యూనిట్లు. అది దాదాపు 10 కిలోమీటర్ల ప్రయాణానికి సరిపోతుంది.

ఇక్కడ ఒక పాత అలవాటు నష్టం కలిగిస్తుంది. దిగుడులో డీజిల్ ఆదా అవుతుందని న్యూట్రల్ వేయడం చాలామందికి అలవాటు. విద్యుత్ వాహనంలో న్యూట్రల్ వేస్తే మోటారు జనరేటరుగా పనిచేయదు. రావలసిన విద్యుత్తు రాదు. బ్రేకులపై భారమూ పెరుగుతుంది. అలాగే నిండు జలాశయం కొత్త వరదను పట్టనట్లు, 100 శాతం నిండిన బ్యాటరీ తిరిగివచ్చే విద్యుత్తును తీసుకోలేదు. పూర్తిగా నింపిన బండితో వెంటనే ఘాట్ దిగేటప్పుడు మోటారు వేగాన్ని పట్టి ఆపడం తగ్గినట్లు అనిపిస్తుంది. ఇది ముందే తెలియకపోతే ప్రమాదకరం.

5. ఒక మధ్యాహ్నపు లెక్క:

ఈ రెండు కొలతలు కలిసి ఎలా ఉపయోగపడతాయో ఒక సందర్భం ద్వారా చూడవచ్చు. మధ్యాహ్నం 12 గంటలకు బ్యాటరీ 45 శాతం ఉంది. రానూపోనూ 40 కిలోమీటర్ల ట్రిప్పు వచ్చింది. 20 శాతం మిగుల్చుకోవాలంటే వాడుకోగలిగేది 25 శాతం, అంటే 5.3 యూనిట్లు. దానితో 29 కిలోమీటర్లు మాత్రమే వెళ్లవచ్చు. 40 కిలోమీటర్లకు 7.3 యూనిట్లు కావాలి. తక్కువైనవి 2 యూనిట్లు. బ్యాటరీకి గంటకు 2.9 యూనిట్లు చేర్చే పవర్ ప్లగ్ దగ్గర ఇందుకు సుమారు 40 నిమిషాలు చాలు. భోజన విరామంలో ఆ పని పూర్తవుతుంది.

శాతాన్ని మాత్రమే చూసే చోదకుడు ఈ ట్రిప్పును వదులుకోవచ్చు, లేదా ఛార్జింగ్ చేయకుండా బయలుదేరి దారిలో నిలిచిపోవచ్చు. నిల్వను, ప్రవాహాన్ని విడదీసి లెక్కించిన చోదకుడికి ట్రిప్పు దక్కుతుంది. రెండు పదాల మధ్య తేడాకు ఆ రోజు విలువ ఒక కిరాయి.

6. భద్రత – వేడి, వైరింగు, వరద:

ఎక్కువ వేడి లిథియం బ్యాటరీ ఆయుష్షును తగ్గిస్తుంది. మే నెల ఎండలో బరువుతో తిరిగివచ్చిన బండిని వెంటనే వేగవంతమైన ఛార్జింగ్‌కు పెట్టకుండా కొంతసేపు నీడలో నిలపడం మంచిది. బ్యాటరీ బాగా వేడెక్కితే నిర్వహణ వ్యవస్థ తానే ప్రవాహాన్ని తగ్గిస్తుంది. అది ఛార్జర్ లోపం కాదు. చలి వల్ల సమస్య తెలుగు నేలలో అరుదు. అయితే శీతకాలంలో ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరయ్యే లంబసింగి వంటి చోట తెల్లవారుజామున ఛార్జింగ్ నెమ్మదిస్తే ఆశ్చర్యపడనవసరం లేదు. గడ్డకట్టే చలిలో జోరుగా ఛార్జింగ్ చేస్తే సెల్స్ లోపల లిథియం లోహంగా పేరుకుంటుంది. దాన్ని నివారించడానికే వ్యవస్థ ప్రవాహాన్ని అదుపు చేస్తుంది.

ఇంటి దగ్గర ఛార్జింగ్‌లో అసలు ప్రమాదం వైరింగులో ఉంటుంది. గీజరు పావుగంట పనిచేస్తుంది. వాహనం ఆరు గంటలు అదే ప్లగ్ నుంచి నిండు ప్రవాహం తీసుకుంటుంది. వదులైన సాకెట్టు, సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు ఆ వేడిని తట్టుకోలేవు. సరైన ఎర్తింగు, విద్యుత్తు లీకైతే వెంటనే సరఫరాను ఆపే రక్షణ పరికరం, తగినంత మంజూరు లోడు ఉండాలి. ప్లగ్ పట్టుకుంటే కాలుతున్నట్లుంటే ఛార్జింగ్ ఆపాలి.

వానలో నడపడం వేరు, నీటిలో మునగడం వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ కాలనీలను ముంచెత్తినప్పుడు ఎన్నో వాహనాలు నీటిలో ఉండిపోయాయి. అలా మునిగిన విద్యుత్ వాహనాన్ని ఆరిపోయింది కదా అని ఛార్జింగ్‌కు పెట్టకూడదు. లోపలికి చేరిన నీరు కొన్ని రోజుల తర్వాత కూడా షార్ట్ సర్క్యూట్‌కు, మంటకు కారణం కావచ్చు. ఇళ్లకు దూరంగా నిలిపి, నిపుణులు పరీక్షించాకే వాడాలి.

మరొక చిన్న విషయం: లైట్లకు, నియంత్రణ వ్యవస్థకు విద్యుత్తునిచ్చే 12 వోల్టుల బ్యాటరీ వేరుగా ఉంటుంది. అది దిగిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి మేల్కోదు.

7. వేళ, నిబంధనలు:

బ్యాటరీ ఛార్జింగ్ సేవ విద్యుత్ అమ్మకం కిందికి రాదని, దానికి లైసెన్సు అవసరం లేదని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. అదే ఏడాది అక్టోబరులో బ్యాటరీతో నడిచే రవాణా వాహనాలకు పర్మిట్ మినహాయింపు లభించింది. ఆకుపచ్చ పలకపై పసుపు అక్షరాలున్న నంబరు ప్లేటు విద్యుత్ రవాణా వాహనాన్ని సూచిస్తుంది.

ఛార్జింగ్ వేళకు కూడా ఇప్పుడు విలువ ఏర్పడింది. 2024 సెప్టెంబరు మార్గదర్శకాలు ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు ఉన్న సౌర వేళల్లో బహిరంగ ఛార్జింగ్ కేంద్రాలకు సరఫరా ధర సగటు సరఫరా వ్యయంలో 0.7 రెట్లు, మిగిలిన వేళల్లో 1.3 రెట్లు ఉండాలని సూచించాయి. అసలు ధరలను రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండళ్లు నిర్ణయిస్తాయి. రాత్రి కరెంటే చవక అనే భావన ఈ విధానంలో తలకిందులవుతుంది. మధ్యాహ్నం నీడలో నిలిపి ఛార్జింగ్ చేసుకోగల చోటు దొరకడం చోదకుడికి రెండు విధాల లాభం.

8. వాడుక మాటల్లోని స్పష్టత:

పరిభాషలో ఉన్న చిక్కు వాడుక భాషలో అంతగా లేకపోవడం గమనించదగిన విషయం. సెల్‌ఫోను వచ్చినప్పటి నుంచి తెలుగువారు ‘ఛార్జింగ్ ఎక్కుతోంది’, ‘ఛార్జింగ్ దిగిపోయింది’, ‘ఛార్జింగ్ ఆగడం లేదు’ అంటున్నారు. ఎక్కడం ఇన్‌ఫ్లో, దిగడం అవుట్‌ఫ్లో, ఆగడం నిల్వ పట్టే గుణం. బ్యాటరీకి సంబంధించిన మూడు ప్రధాన లక్షణాలకు మూడు క్రియలు ఏర్పడ్డాయి. ‘నెమ్మదిగా ఎక్కుతోంది’ అన్నా, ‘ఎక్కుతోంది గానీ ఆగడం లేదు’ అన్నా రెండు వేర్వేరు దోషాలు తెలుస్తాయి. మొదటిది ఛార్జర్‌కో వైరింగుకో సంబంధించినది కావచ్చు. రెండవది బ్యాటరీ క్షీణతకు సూచన. ‘ఛార్జింగ్ సామర్థ్యం తగ్గింది’ అనే మర్యాదైన వాక్యం మాత్రం ఈ రెండింటిలో ఏదో చెప్పలేదు. చోదకుల కోసం తెలుగులో రాసే కరపత్రాలు, శిక్షణ పుస్తకాలు ఈ క్రియల మీద ఆధారపడటం సమంజసం.

9. ముగింపు:

• విద్యుత్ సరుకు వాహనం నిర్వహణకు నిల్వ, ప్రవాహం అనే రెండు భావనలు పునాది. కిలోవాట్-గంట మొదటిదానికి, కిలోవాట్ రెండవదానికి కొలతలు.
• ఛార్జింగ్ సమయాన్ని స్తంభం ఒక్కటే నిర్ణయించదు. ఆన్‌బోర్డ్ ఛార్జర్, బ్యాటరీ నిర్వహణ వ్యవస్థ, అప్పటి నిల్వ, వేడి కలిసి నిర్ణయిస్తాయి.
• ప్రకటిత దూరం కంటే యూనిట్‌కు వచ్చే కిలోమీటర్ల లెక్కే రోజువారీ నిర్ణయాలకు ఆధారం కావాలి.
• దిగుడులో న్యూట్రల్ వేయడం వంటి డీజిల్ కాలపు అలవాట్లను విడనాడాలి.
• ‘సామర్థ్యం’ అనే మాటను రెండు అర్థాల్లో వాడటం వల్ల కలిగే అయోమయాన్ని ‘నిల్వ’, ‘ప్రవాహం’ అనే పదాలు, ‘ఎక్కు, దిగు, ఆగు’ అనే క్రియలు తొలగించగలవు.

సాంకేతిక పరిభాష నిర్మాణం పండితుల చర్చకే పరిమితమైన విషయంగా కనిపించవచ్చు. కానీ వాయిదా కట్టవలసిన చోదకుడు డాష్‌బోర్డు వైపు చూసి వేసుకునే లెక్క ఆ పరిభాష మీదనే ఆధారపడి ఉంది. కొత్త యంత్రాన్ని వివరించే ముందు, దాన్ని నడిపేవారు ఇప్పటికే ఏ మాటలతో ఆలోచిస్తున్నారో పరిశీలించడం పరిభాషా నిర్మాణంలో తొలి మెట్టు కావాలి.